డైరెక్ట్ ఫ్లైట్ పక్క జిల్లాలోనే ఉండొచ్చు.. ఫోన్‌లో ఇలా వెతకండి

విమానం టికెట్ అనగానే తెలంగాణలో ఉన్నవాళ్లం ఆలోచించకుండా "హైదరాబాద్" అని టైప్ చేసేస్తాం. ఆంధ్రాలో వాళ్లు దగ్గర్లోని ఒక ఎయిర్‌పోర్ట్ కొడతారు. "వన్ స్టాప్, హైదరాబాద్‌లో మూడు గంటలు వెయిటింగ్" అని రిజల్ట్ వస్తే సరే అని డబ్బులు కట్టేస్తారు. నేను ఉండేది ఖమ్మంలో. ఇటు శంషాబాద్, అటు గన్నవరం. అందుకే రెండు వైపులా వెతకడం నాకు అలవాటు. ఆ అలవాటుతో తెలిసింది ఒక్కటే: యాప్ "లేదు" అంటే ఆ ఫ్లైటే లేదని కాదు. మనం అడిగిన ఒక్క ఎయిర్‌పోర్ట్ నుంచి, అడిగిన ఒక్క రోజున లేదని మాత్రమే. మరి అడిగే పద్ధతి ఎలా మార్చాలో చూద్దాం.

డైరెక్ట్ వేరు, నాన్‌స్టాప్ వేరు

మన మాటల్లో రెండూ ఒకటే. ఎయిర్‌లైన్స్ లెక్కలో మాత్రం డైరెక్ట్ అంటే ఒకే ఫ్లైట్ నంబర్‌తో వెళ్లేది. అది మధ్యలో ఇంకో ఊళ్లో దిగి, మళ్లీ ఎగరొచ్చు. ఎక్కడా దిగకుండా వెళ్లేదే నాన్‌స్టాప్. కాబట్టి ఫిల్టర్‌లో నాన్‌స్టాప్ ఎంచుకోండి. అనుమానం వస్తే ప్రయాణ సమయం చూడండి. విజయవాడ నుంచి ఢిల్లీకి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. ఐదు గంటలు చూపిస్తోందంటే మధ్యలో ఎక్కడో ఆగుతున్నట్టే.

"సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి రెండు వేర్వేరు టికెట్లు. మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిపోతే, రెండో ఎయిర్‌లైన్ బాధ్యత తీసుకోదు.

ముందు మీ చుట్టూ ఉన్న ఎయిర్‌పోర్టుల లిస్ట్ రాసుకోండి

ఆంధ్రాలో విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, కడప, కర్నూలు ఉన్నాయి. తెలంగాణకు మాత్రం శంషాబాద్ ఒక్కటే. 2008లో అది మొదలైనప్పుడే బేగంపేట నుంచి ప్రయాణికుల ఫ్లైట్లు ఆగిపోయాయి. పైగా 150 కిలోమీటర్ల లోపు కొత్త ఎయిర్‌పోర్ట్ రాకూడదని ఒప్పందంలో షరతు ఉంది. వరంగల్ మామునూరు ఇన్నేళ్లు ఆగిపోవడానికి అదే ముఖ్య కారణం. దానికి కేంద్రం ఓకే చెప్పింది 2025లో.

అందుకే రాష్ట్రం సరిహద్దు దాటి చూడాలి. అశ్వారావుపేట వాళ్లకు శంషాబాద్ కంటే రాజమండ్రి చాలా దగ్గర. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ కంటే నాగ్‌పూర్ దగ్గర. నిజామాబాద్ వాళ్లు నాందేడ్, హిందూపురం వాళ్లు బెంగళూరు, సూళ్లూరుపేట వాళ్లు చెన్నై కూడా చూడాలి. మ్యాప్స్‌లో కిలోమీటర్లు కాకుండా ప్రయాణ సమయం చూసి, మూడు గంటల్లోపు చేరగలిగేవన్నీ రాసుకోండి.

గూగుల్ ఫ్లైట్స్‌లో ఒకేసారి ఏడు

చాలామందికి తెలియని ఫీచర్ ఇది. గూగుల్ ఫ్లైట్స్‌లో బయల్దేరే ఊరి బాక్స్ మీద ట్యాప్ చేస్తే ప్లస్ గుర్తు ఉంటుంది. దాంతో ఏడు ఎయిర్‌పోర్టుల వరకు ఒకేసారి యాడ్ చేయొచ్చు. నేను హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి మూడూ పెట్టి, స్టాప్స్‌లో నాన్‌స్టాప్ ఎంచుకుంటాను. మూడు చోట్ల నుంచి ఉన్న ఫ్లైట్లన్నీ ఒకే లిస్ట్‌లో వచ్చేస్తాయి.

దిగే ఊరికి కూడా ఇదే ట్రిక్. ఢిల్లీ అనుకుంటే ఘజియాబాద్‌లోని హిండన్ కూడా యాడ్ చేయండి. ముంబైకి అయితే 2025 డిసెంబర్‌లో ఫ్లైట్లు మొదలైన నవీ ముంబై కూడా చూడండి.

ఎక్కడికి వెళ్లాలో ఇంకా డిసైడ్ కాకపోతే అదే గూగుల్‌లో "ఎక్స్‌ప్లోర్" మ్యాప్ ఓపెన్ చేయండి. ఫ్లైట్‌కనెక్షన్స్ సైట్ కూడా బాగుంటుంది. ఒక ఎయిర్‌పోర్ట్ మీద నొక్కితే అక్కడి నుంచి నేరుగా వెళ్లే ఊళ్లన్నీ గీతలతో కనిపిస్తాయి.

ఒక్క తేదీతో వెతకొద్దు

చిన్న ఎయిర్‌పోర్టుల విషయంలో అసలు తిరకాసు ఇక్కడే ఉంది. చాలా రూట్లు రోజూ ఉండవు, వారంలో కొన్ని రోజులే నడుస్తాయి. మీరు మంగళవారం వెతికితే "నాన్‌స్టాప్ లేదు" అని వస్తుంది. అదే ఫ్లైట్ బుధవారం ఉండొచ్చు. అందుకని వరుసగా వారం రోజులు చెక్ చేయండి. గూగుల్ ఫ్లైట్స్‌లో నాన్‌స్టాప్ ఫిల్టర్ పెట్టి "డేట్ గ్రిడ్" తెరిస్తే పని తేలికవుతుంది.

ఇంకో విషయం, ఎయిర్‌లైన్స్ టైమ్ టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం సమ్మర్ షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం వింటర్ షెడ్యూల్ మొదలవుతాయి. నవంబర్ ప్రయాణానికి సెప్టెంబర్‌లో చూసి లేదనుకుంటే, అక్టోబర్‌లో మళ్లీ ఒకసారి చూడండి.

రూట్లు వస్తాయి, పోతాయి

విజయవాడ నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబర్‌లో డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం నష్టం భర్తీ చేస్తానంటేనే అది నడిచింది. 2019లో ఆగిపోయింది. కడప లాంటి ఊళ్లకు తిరిగిన మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2022లో మూతపడింది. 2017లో మొదలైన ఉడాన్ స్కీమ్‌లో కూడా ఒక రూట్‌కు సబ్సిడీ మూడేళ్లే. ఆ తర్వాత సీట్లు నిండకపోతే ఫ్లైట్ ఉండదు.

కాబట్టి పాత యూట్యూబ్ వీడియోనో, ఎప్పటిదో వార్తనో నమ్మి ప్లాన్ వేయొద్దు. నేను ఫ్లైట్‌రాడార్24లో ఆ ఎయిర్‌పోర్ట్ మీద ట్యాప్ చేసి డిపార్చర్స్ చూస్తాను. ఆ ఫ్లైట్ ఈ వారం నిజంగా ఎగిరిందో లేదో తెలిసిపోతుంది. తర్వాత ఎయిర్‌లైన్ సొంత యాప్‌లో ఒకసారి సరిచూసుకుని బుక్ చేస్తాను.

టికెట్ రేటు కాదు, ఇంటి గుమ్మం నుంచి లెక్క

పోయినేడాది అక్క డెలివరీకి అమ్మానాన్నల్ని ఢిల్లీ పంపాల్సి వచ్చింది. ఇద్దరికీ అదే మొదటి విమానం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు హిందీ రాదు. మనకైతే వన్ స్టాప్ పెద్ద ఇబ్బంది కాదు. వాళ్లను మాత్రం తెలియని ఊళ్లో దింపి "గేటు వెతుక్కోండి" అనలేం కదా.

హైదరాబాద్ నుంచి నాన్‌స్టాప్‌లు చాలా ఉన్నాయి, టికెట్ కూడా తక్కువే. కానీ ఖమ్మం నుంచి రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం బస్సులో అమ్మ కూర్చోలేదు, అంటే కారు మాట్లాడాల్సిందే. విజయవాడ అయితే రైల్లో దాదాపు 100 కిలోమీటర్లు, స్టేషన్ నుంచి గన్నవరానికి ఇంకో 20. టికెట్ రేటు కాస్త ఎక్కువైనా కారు కిరాయి కలిపి చూస్తే విజయవాడే నయం. అదే బుక్ చేశాను.

తిరుగు ప్రయాణం కూడా అప్పుడే చూసుకోండి. రాత్రి 11కి గన్నవరంలో దిగితే ఖమ్మానికి రైలు ఎప్పుడుందో తెలియకుండా బుక్ చేస్తే, మిగిలిందంతా క్యాబ్‌కే పోతుంది.

చిన్న విమానం అయితే పవర్‌బ్యాంక్ చేతిలో పెట్టుకోండి

చిన్న రూట్లలో ఎక్కువగా ఏటీఆర్ విమానాలు వస్తాయి. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు. పైన బ్యాగులు పెట్టే అరలు చిన్నవి. అందుకే కొన్నిసార్లు మన క్యాబిన్ ట్రాలీని విమానం మెట్ల దగ్గరే తీసుకుని లగేజీలో వేస్తారు. లిథియం పవర్‌బ్యాంక్ లగేజీలో ఉండకూడదు. బ్యాగ్ ఇచ్చే ముందు దాన్ని బయటికి తీయండి.

లిమిట్ లెక్క సింపుల్: ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్స్ వస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74, ఇబ్బంది లేదు. 100 దాటితే ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి. 160 దాటితే అసలు ఎక్కనివ్వరు.

షార్ట్‌గా చెప్పాలంటే: మూడు గంటల్లో చేరే ఎయిర్‌పోర్టులన్నీ, నాన్‌స్టాప్ ఫిల్టర్, వారం తేదీలు, ఇంటి నుంచి ఇంటికి ఖర్చు. ఈ నాలుగూ చూశాకే "డైరెక్ట్ లేదు" అనుకోండి. ముఖ్యంగా టికెట్ అమ్మానాన్నల కోసం అయితే.