కొల్లేటి బురదలో విత్తనములు

పెదవేగి వేంగీ చాళుక్యులకు రాజధానిగా ఉన్న రోజులలో పండిన తామరగింజ నేడు మొలకెత్తునా? వింతగా తోచినను, ఆ వయసు గింజ మొలకెత్తినదని శ్రోతలకు మనవి చేయుచున్నాము. ఈశాన్య చైనాలో ఎండిన ఒక సరస్సు అడుగున దొరికిన, దాదాపు 1,300 ఏండ్లనాటి గింజ మొలకెత్తినట్లు 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గట్టి పెంకు, గాలి సోకని బురద దానిని కాపాడినవి.

పెదవేగికి దక్షిణమున, ఏలూరు దాటిన పిమ్మట వచ్చు కొల్లేటికిని ఇట్టి బురదయే ఆశ. 2006లో “ఆపరేషన్ కొల్లేరు” పేర పక్షుల అభయారణ్యములోని చేపలచెరువుల గట్లను కొట్టివేసిరి. గట్టు తెగినచోట సరస్సు నీరు పారును. బురదలో నిద్రించు గింజలు, దుంపలు మేలుకొనును. తుంగ, కలువ, తామర మరల తలయెత్తుటకు వీలు కలుగును.

అయితే నీరు వచ్చినంతనే పాత కొల్లేరు రాదు. చేపల మేత, ఎరువు పేరుకొన్న అడుగు సారమును ముందుగా అందుకొనునది గుర్రపుడెక్క. అది పరచుకొన్నచో నీటి లోపలికి వెలుతురు చేరదు. నాచు నశించును, చేపకు ఊపిరాడదు, దోనెకు దారి ఉండదు. ఐరోపాలో ఎండగట్టిన పీటునేలలను, అనగా కుళ్ళక పేరుకొన్న ఆకు అలముల నేలలను, మరల తడిపినవారి అనుభవమును ఇట్టిదే. సారము మిగిలినచోట జమ్ము ముందుగా అల్లుకొనును. పాత మొక్కలు ఆలస్యముగా వచ్చును.

కావున గట్టు తెంచుట తొలి అడుగు మాత్రమే. తమ్మిలేరు, బుడమేరు తెచ్చు నీరు శుభ్రముగా ఉండవలెను. చెరువు పోయిన లంకగ్రామస్థునకు బ్రతుకుతెరువు దొరకవలెను. అది దొరకనిచో తెగిన గట్టు మరల లేచును. గింజ మరల నిద్రపోవును.