సికిల్ పరీక్ష ఒక్కటే సరిపోదు

ఉమ్మడి ఆదిలాబాద్ గూడేలకు సికిల్ సెల్ అనే జన్యు రక్తవ్యాధి పేరు కొత్త కాదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో తెలంగాణ కూడా ఉంది. 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయడం దాని పని. మంచి పనే. అయితే తొలి అంచెలో వాడే సాల్యుబిలిటీ పరీక్షకు సికిల్ హిమోగ్లోబిన్ తప్ప ఇంకేదీ చిక్కదు. మరో జన్యు రక్తవ్యాధి అయిన బీటా తలసీమియా వాహకులకు అందులో ‘నెగెటివ్’ అనే వస్తుంది. ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఉండటమే ప్రమాదం. తల్లి నుంచి సికిల్ జన్యువు, తండ్రి నుంచి తలసీమియా జన్యువు అందినా బిడ్డకు జబ్బు వస్తుంది. అందుకే ఇక్కడ రెంటినీ కలిపే వెతకాలి.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు సరిగా తయారు కాకపోవడమే బీటా తలసీమియా. లోపమున్న జన్యువు ఒక్కటే ఉంటే ఆ మనిషి వాహకుడు మాత్రమే, రోగి కాడు. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ తలసీమియా మేజర్ అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డ ఆరు నెలలు దాటాక పాలిపోతుంది. ఇక రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చిన ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి దాన్ని దించే మందులు కూడా జీవితాంతం వాడాలి. మూలుగ మార్పిడితో నయమవుతుంది కానీ, సరిపోలే దాత దొరకాలి.

‘మా ఇంట్ల ఎవ్వరికీ లేదు’ అనేవాళ్లున్నారు. వాహకుల్లో సాధారణంగా లక్షణాలు కనిపించవు, తెలిసేదెలా? ఉన్న కాస్త రక్తహీనతను ‘రక్తం తక్కువ’ అని ఐరన్ గోలీలతో సరిపెడతారు. మేనరికాలే కారణమన్న మాటా సగమే నిజం: దగ్గరి చుట్టరికంలో ఒకే లోపం రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది గానీ, దేశంలో నూటికి ముగ్గురు నలుగురు వాహకులని అంచనా ఉన్నప్పుడు బయటి సంబంధమూ రక్ష కాదు. పెళ్లికి ముందు పరీక్షలంటే సంబంధాలు చెడతాయనే భయంలో మాత్రం న్యాయముంది. ఆ నింద చివరికి ఆడపిల్ల మీదే పడుతుంది. కాబట్టి గర్భం నమోదైన రోజే పరీక్ష చేయడం మేలు. భార్యకు లోపం తేలితే వెంటనే భర్తకూ చేయాలి. ఇద్దరూ వాహకులైతే 10-12 వారాల మధ్య గర్భస్థ శిశువుకు జన్యు పరీక్ష సాధ్యం. ఖర్చు మాటకొస్తే, మొదట చేయాల్సింది మామూలు రక్తకణాల పరీక్ష, అంటే సీబీపీ. అందులో ఎర్రకణం పరిమాణం చెప్పే ఎంసీవీ 80 కంటే, కణంలోని హిమోగ్లోబిన్ చెప్పే ఎంసీహెచ్ 27 కంటే తగ్గితే, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అవసరం. హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా తలసీమియా వాహకులే. సికిల్ ఉన్నా ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

కరీంనగర్‌లోనైనా ఉట్నూరులోనైనా, గర్భిణులు మూడో నెల దాటకముందే సీబీపీ కాగితంలో ఎంసీవీ, ఎంసీహెచ్ అంకెలు డాక్టరుకు చూపించి అడగండి. ఐరన్ గోలీలు మాత్రం మీ అంతట మీరు మానేయకండి.