నెయిల్ గన్ ఇస్తే రబ్బరు రింగులూ ఇవ్వండి

మెదక్‌లో కొత్త ఇంటి వడ్లపని జరిగేచోట ఇప్పుడు సుత్తి చప్పుడుతో పాటు కంప్రెసర్ మోతా వినిపిస్తుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు మీలో కొందరు గరాజ్‌లో వాడిన, గాలితో మేకులు దించే నెయిల్ గన్‌ను ఊళ్లో తమ్ముడికో, తెలిసిన వడ్లాయనకో ఇచ్చిపోతుంటారు. మంచి పని. అమెరికా కరెంటు సామాను మన 230 వోల్టులకు తట్టుకోదు గానీ, గాలితో నడిచే గన్‌కు ఆ బాధ లేదు. పైపు బిగించే మరలు మాత్రం కలవవు. పావు అంగుళం ఫిట్టింగులో అమెరికా ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, మన బీఎస్‌పీకి 19. బలవంతంగా తిప్పితే మర చెడి గాలి కారుతుంది, అడాప్టర్ వేయించాలి.

కొన్నేళ్లు వాడాక గన్ మొండికేస్తుంది. అప్పుడే దాన్ని పాత సామానుకు వేసేస్తారు, అదే నాకు బాధ. ట్రిగ్గర్ నొక్కగానే గాలి పిస్టన్‌ను కిందికి తోస్తుంది, దానికున్న బ్లేడు మేకును దించుతుంది, అడుగున బంపర్ అనే రబ్బరు దిమ్మ ఆ దెబ్బను కాస్తుంది. ఇందులో ముందుగా పోయేది చాలాసార్లు ఇనుము కాదు, రబ్బరు.

ఎక్కడ పోయిందో చెవితోనే తెలుస్తుంది. ట్రిగ్గర్ దగ్గర బుస్సుమంటే ట్రిగ్గర్ వాల్వ్ రింగులు. పైమూత నుంచి గాలి పోతుంటే హెడ్ వాల్వ్ రింగులు. గాలి ఎక్కడా కారకుండానే మేకు తల పైకి నిలుస్తుంటే పిస్టన్ రింగునో, బంపర్‌నో, అరిగిన బ్లేడు కొసనో చూడాలి.

విప్పే ముందు గాలి పైపు తీసేయాలి, మేకులన్నీ తీసేయాలి. ఈ రెండూ కాకుండా గన్ మీద చేయి వేయొద్దు. మూత బోల్టులను అలెన్ కీతో ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. కింద స్ప్రింగ్ ఉంటుంది, ఎగిరిపోతుంది. ఒక్కో భాగం తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత రింగును స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గాడి గీసుకుపోయి కొత్త రింగు కూడా నిలవదు, చెక్కపుల్లతో తీయండి. బంపర్ పగిలితే దాని తునకలు సిలిండర్‌లో ఉంటాయి, గుడ్డతో శుభ్రంగా తుడవండి. కొత్త రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. బండ్లకు వేసే మామూలు గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. బిగించాక తక్కువ ఒత్తిడితో గాలి పెట్టి, అతుకుల మీద సబ్బునీళ్లు రాసి, బుడగ రాకపోతేనే పనికి తీయండి.

పని మొదలుపెట్టే ముందు గాలి రంధ్రంలో రెండు మూడు చుక్కల ఎయిర్‌టూల్ నూనె వేయడం, సాయంత్రం కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేయడం, ఈ రెండే గన్ ఆయుష్షు పెంచుతాయి. వానాకాలంలో ట్యాంకులో ఎన్ని నీళ్లు చేరతాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

ముక్కు దగ్గరి సేఫ్టీ చెక్కకు ఆనితేనే మేకు దిగాలి. పని త్వరగా కావాలని దాన్ని తీగతో కట్టేసేవాళ్లు ఉన్నారు. అరచేతిలో మేకు దిగితే ఆ చేతికి పని ఉండదు; రిపేరుకు వచ్చిన గన్‌కు ఆ తీగ కనబడితే ముందు దాన్ని తెంపండి.

మామూలు రింగులు సైజు చెబితే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతాయి. మీ మోడల్‌కే సరిపోయే బంపర్, బ్లేడు దొరకడం కష్టం. అందుకే ఈసారి మెదక్‌కు గన్ తెచ్చేవారు 18 గేజ్‌దే తెండి, దాని మేకులు ఇక్కడ దొరుకుతాయి. మోడల్ నంబరు చీటీ మీద రాసి, ఓ-రింగ్ కిట్, ఒక బంపర్ కూడా సామానులో పెట్టండి.