కొత్తగా డెలివరీ పనిలో చేరారా? టైమ్ లేని డ్యూటీలో మీ సంపాదన, మీ బీమా కాపాడుకోవడం ఎలా?

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, భద్రాచలం ప్రాంతాల్లో కొత్తగా డెలివరీ బండి ఎక్కినవాళ్ల కోసం ఈ సమాచారం. హోటల్ ఫుడ్ ఇచ్చేవాళ్లకైనా, పార్శిళ్లు వేసేవాళ్లకైనా ఇబ్బంది ఒకటే: డ్యూటీకి ఒక టైమ్ ఉండదు. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా కూర్చోబెట్టి, రాత్రి పదింటికి దూరం ఆర్డర్ పడుతుంది. ఈ పనిలో నెల జీతం, సెలవు, పీఎఫ్ చాలామందికి లేవు. అందుకే ఏ పథకం మీకు వర్తిస్తుందో, దానికి ముందే ఏం సిద్ధం చేసుకోవాలో తెలుసుకుని ఉండాలి. ప్రమాదం జరిగాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది.

1. ముందుగా: మీరు ఉద్యోగా, పార్ట్‌నరా?

యాప్‌లో లాగిన్ అయి ఆర్డర్‌కు ఇంత అని తీసుకుంటుంటే మీరు గిగ్ వర్కర్ లేదా ప్లాట్‌ఫాం వర్కర్. కంపెనీ మిమ్మల్ని పార్ట్‌నర్ అంటుంది. పార్శిల్ హబ్‌లో కాంట్రాక్టర్ కింద నెల జీతానికి చేస్తుంటే మీరు ఉద్యోగి. ఈ తేడా చాలా ముఖ్యం.

• ఉద్యోగి అయితే: 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో, నెల జీతం రూ. 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది. జీతం స్లిప్ అడగండి. అందులో కోత కనిపిస్తే నంబర్ కూడా అడిగి రాసిపెట్టుకోండి.
• పార్ట్‌నర్ అయితే: కింద చెప్పినవన్నీ మీకోసమే.

2. పని గంటలను అదుపులో పెట్టుకోవడం

ఎన్ని గంటలు లాగిన్‌లో ఉన్నారన్నది కాదు, గంటకు చేతికి ఎంత మిగిలిందన్నది చూడాలి. ఒక ఉదాహరణ:

• రోజంతా 11 గంటలు లాగిన్. వచ్చింది రూ. 900, పెట్రోల్ రూ. 250. మిగిలింది రూ. 650. అంటే గంటకు రూ. 59.
• మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, రాత్రి 7 నుంచి 10.30 వరకు మాత్రమే లాగిన్. వచ్చింది రూ. 700, పెట్రోల్ రూ. 190. మిగిలింది రూ. 510. అంటే గంటకు రూ. 78.

మొదటి దాంట్లో రూ. 140 ఎక్కువ వచ్చాయి, నిజమే. కానీ అందుకోసం నాలుగున్నర గంటలు అదనంగా రోడ్డు మీదే ఉన్నారు. మీ ఊళ్లో లెక్క ఇలాగే ఉండాలని లేదు. అందుకే మొదటి రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ నాలుగు అంకెలు రాయండి: లాగిన్ టైమ్, లాగౌట్ టైమ్, వచ్చిన డబ్బు, పెట్రోల్. ఏ గంటల్లో గిరాకీ ఉంటుందో మీకే తెలిసిపోతుంది.

ఇంకొన్ని జాగ్రత్తలు:

• రాత్రి లాగౌట్‌కు ఒక టైమ్ పెట్టుకుని ఇంట్లో చెప్పండి. ఆ టైమ్ దాటితే ఫోన్ చేయమనండి.
• రాత్రి ఆలస్యమైతే మరుసటి రోజు పొద్దున స్లాట్ వదిలేయండి. నిద్ర లేకుండా బండి నడపడం తాగి నడపడం లాంటిదే.
• ఇంటి ఖర్చు మంచి వారం లెక్కతో కాకుండా, తక్కువ వచ్చిన వారం లెక్కతో వేసుకోండి. ఈఎంఐలు కూడా అంతే.
• శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలంలో జనం బాగా వస్తారు. గిరాకీ పెరుగుతుంది, ట్రాఫిక్ మళ్లింపులూ ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చిన అదనపు డబ్బును వానాకాలం కోసం దాచిపెట్టండి.

3. మన రోడ్ల సంగతి

పాల్వంచ దాటాక అడవి రోడ్డు. రాత్రిపూట పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. మణుగూరు వైపు బొగ్గు లారీలు, దుమ్ముగూడెం, చర్ల వైపు ఇసుక లారీలు తిరుగుతాయి. లోపలి ఊళ్లలో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ పోకముందే కస్టమర్‌కు ఫోన్ చేసి గుర్తులు అడిగి రాసుకోండి. చీకటి పడ్డాక అలాంటి ఆర్డర్ పడితే వద్దనుకోవడం తప్పు కాదు. ఒక ఆర్డర్ పోతే కొంత ఇన్సెంటివ్ పోవచ్చు, అంతే.

గోదావరి సంగతి మర్చిపోవద్దు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలే ఆపేశారు. మీ ఇల్లు ఒక ఒడ్డున, పని ఇంకో ఒడ్డున ఉంటే రెండో హెచ్చరిక వచ్చినప్పుడే ఏ ఒడ్డున ఉండాలో తేల్చుకోండి. నీళ్లు పారుతున్న చప్టా మీదుగా బండి దించొద్దు.

4. మీకు వర్తించే పథకాలు

(అ) రూ. 5 లక్షల ప్రమాద బీమా: తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు ప్రకటించింది. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి అందే సాయం ఇది. ఖమ్మం, కొత్తగూడెంలోని కార్మిక శాఖ కార్యాలయంలో వివరాలు అడగండి.

(ఆ) రాజీవ్ ఆరోగ్యశ్రీ: 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి రూ. 10 లక్షలకు పెరిగింది. ఆసుపత్రిలో చేరగానే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలి.

(ఇ) ఈ-శ్రమ్: కేంద్ర కార్మిక శాఖ పోర్టల్. ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్, బ్యాంక్ పాస్‌బుక్ ఉంటే సీఎస్సీ సెంటర్‌లో గానీ, మీరే ఫోన్‌లో గానీ చేసుకోవచ్చు. ప్లాట్‌ఫాం వర్కర్‌గా నమోదు చేసుకోండి. 12 అంకెల నంబర్ వస్తుంది. హెల్ప్‌లైన్ 14434. కార్డు వచ్చింది కదా, బీమా ఉన్నట్టే అనుకోవద్దు. ఇది గుర్తింపు మాత్రమే. ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం వర్కర్లను ఈ-శ్రమ్‌లో నమోదు చేసి, గుర్తింపు కార్డులిచ్చి, పీఎం-జేఏవై కింద వైద్యం అందిస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అందుకే ఈ నమోదు అవసరం.

(ఈ) ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి రూ. 20. వయసు 18 నుంచి 70. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి వైకల్యం వస్తే రూ. 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ. 1 లక్ష. జూన్ 1 నుంచి మే 31 వరకు వర్తిస్తుంది. మే చివరి వారంలో ఖాతాలో డబ్బు లేకపోతే ప్రీమియం కట్ కాదు, బీమా ఆగిపోతుంది. రోజువారీ డబ్బు మొత్తం తీసేసే అలవాటున్నవాళ్లు మే నెలలో రూ. 500 అయినా వదిలిపెట్టండి.

(ఉ) ప్రధానమంత్రి జీవన్ జ్యోతి: ఏడాదికి రూ. 436. వయసు 18 నుంచి 50. ఏ కారణంతో మరణించినా రూ. 2 లక్షలు.

(ఊ) రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స: 2025 మే నుంచి అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో. 112కి ఫోన్ చేయండి. పోలీసులకు సమాచారం తప్పనిసరి.

5. మీ పని రోజులు లెక్కలోకి వస్తాయి

సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. గిగ్ వర్కర్ అనే మాటకు చట్టంలో చోటు దొరికింది దీంతోనే. కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి. ఆ డబ్బు మీ సంపాదనలోంచి కోసేది కాదు. 2025 డిసెంబర్ చివర్లో కేంద్రం ఇచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఒక షరతు ఉంది: గడిచిన ఆర్థిక సంవత్సరంలో ఒకే కంపెనీతో అయితే కనీసం 90 రోజులు, ఒకటికి మించిన కంపెనీలతో అయితే 120 రోజులు పని చేసి ఉండాలి. కాబట్టి ఎప్పుడో ఒకసారి లాగిన్ అయ్యేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. తెలంగాణ సొంత గిగ్ వర్కర్ల బిల్లుకు కూడా 2025 నవంబర్‌లో మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ప్రతి ఆదివారం యాప్‌లోని వారం సంపాదన పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి. ఐడీ బ్లాక్ అయితే ఆ పేజీ మీకు మళ్లీ కనిపించదు.

6. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా ఇల్లు ఏటపాకలో, పని భద్రాచలంలో. ఏ రాష్ట్రం పథకం వస్తుంది?
జవాబు: 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆరోగ్యశ్రీ రేషన్ కార్డు ఉన్న రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. మీకు ఆంధ్రప్రదేశ్ కార్డు ఉంటే అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ చూసుకోండి. సచివాలయంలో అడగండి. పైన చెప్పిన (ఇ) నుంచి (ఊ) వరకు కేంద్ర పథకాలు, రెండు వైపులా ఒకటే.

ప్రశ్న: ఆర్డర్ లేకుండా ఎదురుచూస్తున్నప్పుడు ప్రమాదం జరిగితే కంపెనీ బీమా వస్తుందా?
జవాబు: లాగిన్‌లో ఉంటే చాలా, చేతిలో ఆర్డర్ కూడా ఉండాలా అన్నది పాలసీని బట్టి మారుతుంది. యాప్‌లోని బీమా పేజీ ఈ రోజే చదివి స్క్రీన్‌షాట్ తీసుకోండి. సురక్షా బీమాకు లాగిన్‌తో సంబంధం లేదు.

ప్రశ్న: బండి ఇన్సూరెన్స్ ఉంది కదా, చాలదా?
జవాబు: థర్డ్ పార్టీ పాలసీ అవతలివాళ్ల కోసం. మీకోసం ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా రూ. 15 లక్షలది ఉందో లేదో పాలసీ కాగితంలో చూడండి. డెలివరీకి వాడుతున్నామని ఏజెంట్‌కు ముందే చెప్పండి.

7. ప్రమాదం జరిగితే ఇంట్లోవాళ్లు చేయాల్సినవి

• 108 లేదా 112కి ఫోన్.
• పోలీసులకు ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ కాపీ.
• యాప్‌లో ఆ రోజు లాగిన్, ఆర్డర్ స్క్రీన్‌షాట్లు.
• మరణం అయితే పోస్టుమార్టం రిపోర్ట్, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, పాస్‌బుక్.
• సురక్షా బీమా క్లెయిమ్ 30 రోజుల్లోపు బ్యాంకులో ఇవ్వాలి.

ఈ కాగితం మీ ఫోన్‌లో ఉంటే సరిపోదు. ప్రమాదం జరిగినప్పుడు ఆ ఫోన్ పగిలిపోయి ఉండొచ్చు. మీ భార్యకో, అమ్మానాన్నలకో, తమ్ముడికో పంపండి. నామినీ ఎవరో, ఏ బ్యాంకులో బీమా ఉందో వాళ్లకు ఒక్కసారి నోటితో చెప్పండి. కొత్తగా చేరిన మీ తోటి రైడర్లకు కూడా షేర్ చేయండి.