పేరు నిలిపే బొమ్మ: మొక్కల చిత్రలేఖనం

షోలాపూర్ నేతపేటలలోని మన పిల్లలలో పలువురు తంగేడును తరవడ్ అనీ, మోదుగను పళస్ అనీ అంటారు. మరాఠీ పేరు తెలియడం మంచిదే. కాని పూర్వులు తెలంగాణ నుండి వెంట తెచ్చుకున్న పేరు ఇంటిలోనే మరుగున పడరాదు. దానిని నిలిపే సాధనాలలో మొక్కల చిత్రలేఖనం ఒకటి.

ఇందుకు పూర్వోదాహరణ ఉన్నది. 1781లో సామర్లకోటకు వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన మూడు సంపుటాలుగా 1795 నుండి లండన్‌లో వెలువడ్డాయి. లాటిన్ పేర్లతోపాటు తెలుగు పేర్లు కూడా వాటిలో చోటు చేసుకున్నాయి. పటికతో చేరి నూలుకు ఎరుపునిచ్చే చిరివేరు మొక్క అందులో ఉన్నది. ఆ బొమ్మలపై చిత్రకారుల పేర్లు మాత్రం లేవు.

చాదరుపై నేసే పువ్వును అందానికై మార్చవచ్చు. ఈ చిత్రంలో రేకుల లెక్క మారరాదు. ఫోటో ఒక క్షణాన్ని మాత్రమే పట్టగలదు; చిత్రకారుడు వేర్వేరు నెలలలో చూచిన మొగ్గను, పువ్వును, కాయను, గింజను ఒకే కాగితంపై చేర్చగలడు.

తంగేడుతో ఆరంభించవచ్చు. ఒక చిన్న రెమ్మ చాలు. పువ్వు త్వరగా వాడుతుంది కనుక దానినే ముందు వేయాలి. స్కేలుతో కొలిచి, పెన్సిలుతో పలుచగా గీయాలి. అయిదు పసుపు రేకులు, జంటలుగా అమరిన చిట్టి ఆకులు, ఆకుకాడ మొదట చెవులవంటి చిన్న పత్రాలు గమనించాలి. లాటిన్ పేరులోని 'ఆరిక్యులాటా' అనగా చెవులు గలది అని అర్థం. దళసరి కాగితంపై నీరు ఎక్కువ కలిపిన లేత రంగు ముందు పూసి, ఆరిన పిదప ముదురు రంగు వేయాలి. వెలుగు పడిన చోట కాగితపు తెలుపునే విడిచిపెట్టాలి. జిల్లేడు పాలు కంటికి హాని, ఉమ్మెత్త విషం. వాటిని పిల్లలచేత కోయించరాదు.

బొమ్మ క్రింద తెలుగు, మరాఠీ, లాటిన్ పేర్లు, దొరికిన చోటు, తేదీ వ్రాయించండి. తెలుగు పేరు ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాయాలి. చివర చిత్రించిన బిడ్డ పేరును కూడా తప్పక వ్రాయించండి.