పావులో ఫ్రెయిరె చెప్పిన చదువు



తత్వశాస్త్రం అంటే గ్రీకులది, జర్మన్లది, కాకపోతే మన ఉపనిషత్తులది అనుకుంటాం. స్పానిష్, పోర్చుగీసు భాషలు మాట్లాడే ప్రజల్లోనూ గొప్ప ఆలోచనాపరులు పుట్టారు. మనిషిని అతని పరిస్థితుల నుంచి విడదీసి చూడలేమని స్పెయిన్‌కు చెందిన ఒర్తేగా ఇ గాసెట్ 1914లో రాశాడు. పెరూలో మూలవాసుల సమస్య అసలు భూమి సమస్యేనని మరియాతెగి 1928లో వాదించాడు. కానీ మన బతుకుకు అందరికంటే దగ్గరివాడు బ్రెజిల్ మాస్టారు పావులో ఫ్రెయిరె (1921-1997). ఈ వ్యాసం ఆయన గురించే.

ఫ్రెయిరె ఈశాన్య బ్రెజిల్‌లోని రెసీఫెలో పుట్టాడు. మధ్యతరగతి కుటుంబమే అయినా 1929 తర్వాతి ఆర్థిక మాంద్యంలో చితికిపోయింది. ఆకలితో బడికి పోతే పాఠం తలకెక్కదని ఆయనకు చిన్నప్పుడే తెలిసింది. (ఈ మాట మన హాస్టల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.)

1963లో ఆంజికోస్ అనే ఊరిలో ఆయన బృందం దాదాపు 300 మంది శ్రామికులకు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పింది. ఎలాగంటారా? ఆయన పద్ధతిలో అక్షరమాలతో మొదలుపెట్టరు. ముందు జనంలోకి పోయి వాళ్లు రోజూ వాడే మాటలు ఏరుకుంటారు. ఉదాహరణకు 'తిజోలో', అంటే ఇటుక. ఇటుక పని బొమ్మ చూపించి, ఈ గోడ కట్టింది ఎవరు, కట్టినవాడికి ఇల్లుందా అని మాట్లాడుకుంటారు. ఆ తర్వాతే మాటను విడగొడతారు: తి, జో, లో. ఒక్కొక్కదానికి వరుస చెబుతారు: త, తె, తి, తొ, తు. ఇది మన గుణింతమే కదా! ఆ ముక్కలు కలిపి నేర్చుకునేవాళ్లే కొత్త మాటలు కడతారు. 'లోజ' అంటే దుకాణం. 'లూత' అంటే పోరాటం.

మన కొలిమిగుండ్లలో అయితే ఆ మొదటి మాట నాపరాయి అయ్యుండేది. అందులో న, ప, ర, య గుణింతాలున్నాయి. దానితోపాటు గని ఎవరిది, కూలి ఎంత, దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది అనే ప్రశ్నలూ ఉన్నాయి. మా నాయన ఇరవై ఏళ్లుగా ఆ రాయి కోస్తున్నాడు. దాని పేరు రాయడం ఆయనకు రాదు.

మన దేశంలో 1951-52 మొదటి సాధారణ ఎన్నికల నుంచే వేలిముద్ర వాళ్లకూ ఓటుంది. బ్రెజిల్‌లో చదువురాని వాళ్లకు 1985 దాకా ఓటు లేదు. అంటే ఒక కూలీకి చదువు వస్తే ఒక ఓటు పుట్టినట్టే. భూస్వాములకు ఫ్రెయిరె పాఠాలు ఎందుకు నచ్చలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1964లో సైన్యం అధికారం పట్టగానే ఆయన్ను 70 రోజులు జైల్లో పెట్టారు. తర్వాత బొలీవియాకు, అక్కడి నుంచి చిలీకి ప్రవాసం పోయాడు. 'అణగారిన వారి బోధన' అని చెప్పుకోదగ్గ తన ప్రసిద్ధ గ్రంథాన్ని చిలీలోనే 1968లో పూర్తి చేశాడు.

ఆ పుస్తకం చదవడం కష్టం, నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను. ఒక్క పోలిక మాత్రం మనసులో నాటుకుంది. మామూలు బడి బ్యాంకు లాంటిదట. మాస్టారు డిపాజిట్ చేస్తాడు, పిల్లవాడు ఖాళీ ఖాతా. పరీక్ష రోజున వేసిందే తిరిగి తీస్తారు. నేను పదో తరగతిలో సాంఘికశాస్త్రం గైడు మొత్తం బట్టీ పట్టాను. కనీస వేతనం మీద రెండు మార్కుల జవాబు పొల్లు పోకుండా రాశాను. ఆ నెలలోనే మా నాయనకు రెండు వారాల కూలి ఎగ్గొట్టారు. నా జవాబుకూ ఆ కూలికీ సంబంధం ఉందని నాకు తట్టనేలేదు. ఫస్ట్ క్లాస్ మాత్రం వచ్చింది.

అయితే బట్టీ అంతా పనికిరానిదంటే నేను ఒప్పుకోను. ఎక్కాలు నోటికి రాకపోతే కూలి లెక్క తేలదు. ఫ్రెయిరెలోనూ లోపాలున్నాయి. పుస్తకమంతా మగవాళ్ల మాటగానే రాశాడని మహిళలు నిలదీస్తే, తర్వాత ఆయనే ఆ తప్పు ఒప్పుకున్నాడు.

ఆ మహిళల సంగతికి మన నెల్లూరు జిల్లాయే సాక్ష్యం. 1990ల మొదట్లో అక్కడి సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో తాగుబోతు మగని కథ చదివారు. చదివి ఊరుకోలేదు, చర్చించుకున్నారు. 1992లో దూబగుంట మహిళలు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, సంపూర్ణ నిషేధాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ. నేర్పినవాళ్లు ఫ్రెయిరెను చదివారో లేదో గానీ, జరిగింది మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేనూ ఇంట్లో ప్రయత్నించాను. అట్టముక్కల మీద నాపరాయి గుణింతాలు రాసి నాయన ముందు పరిచాను. గంటసేపు అటూ ఇటూ జరిపి, మొదట 'పని' అని పేర్చాడు. తర్వాత 'రాను' అని పేర్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి, కూడబలుక్కుని చదివి, "ఇది మేస్త్రీకి చూపిద్దామా రా" అని పడీపడీ నవ్వినాడు.