మందులకు లొంగని ‘చాదస్తం’.. మెదడులో విద్యుత్ ప్రేరణతో చికిత్స

కడిగిన చేతులనే మళ్లీ మళ్లీ కడుగుతుంటారు. వేసిన తాళాన్ని పదిసార్లు లాగి చూస్తారు. ఇంట్లోవారు దీన్ని చాదస్తమని సరిపెట్టుకుంటారు. ముదిరితే గాలి సోకిందంటూ తాయెత్తులు కట్టిస్తారు. వైద్య పరిభాషలో ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తంగా ఓసీడీ. తన భయంలో అర్థం లేదని చాలామంది రోగులకు తెలుసు. అయినా ఆ పని చేయకుండా ఉండలేరు. రోజులో గంటకు మించి దీనికే పోతుంటే వైద్యుడిని సంప్రదించాల్సిందే.

తొలుత ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్ వంటి మాత్రలు ఇస్తారు. వీటి గుణం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నెల తిరగకముందే మానేసి మందులు పనిచేయలేదనడం సరికాదు. భయపడే వస్తువును తాకించి, ఆపై చేతులు కడగకుండా నిగ్రహించుకునేలా ఇచ్చే శిక్షణ కూడా మాత్రలకు దీటైనదే.

ఇవేవీ ఫలించని కొద్దిమందికే మెదడు ప్రేరణ. ఇందులో తేలికైనది టీఎంఎస్. తలపై తీగచుట్ట ఉంచి అయస్కాంత తరంగాలు పంపుతారు. కోత, మత్తు ఉండవు. ఓసీడీకి దీన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించింది.

రెండోది డీబీఎస్. ఇది శస్త్రచికిత్స. పుర్రెకు రంధ్రాలు చేసి, మెదడు లోతుల్లోకి సన్నని తీగలను పంపి, ఛాతీపై చర్మం కింద అమర్చిన బ్యాటరీకి కలుపుతారు. నుదుటి వెనుక భాగానికీ, మెదడు లోపలి కేంద్రాలకూ మధ్య గాడి తప్పిన సంకేతాలను ఈ స్వల్ప విద్యుత్తు సరిచేస్తుందని భావిస్తున్నారు. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కు చేసేదీ ఇలాంటి ఆపరేషనే. ఓసీడీ రోగులకు దీన్ని ప్రయోగించిన ఫలితాలను బెల్జియం వైద్యులు 1999లో ప్రకటించారు. 2009లో అమెరికా పరిమిత అనుమతి ఇచ్చింది.

‘కరెంటు షాకు’తో దీనికి సంబంధం లేదు. ఆ పేరు వినగానే బెదిరిపోయే కుటుంబాలు ఈ తేడా గమనించాలి. అలాగని ఇది సంజీవనీ కాదు. సగం మందికి పైగా లక్షణాలు మూడో వంతుకు మించి తగ్గుతున్నాయి. జబ్బు పూర్తిగా పోవడం అరుదు. విద్యుత్ మోతాదు కుదరడానికి నెలలు పడుతుంది. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, అతి ఉత్సాహం వంటి ప్రమాదాలున్నాయి. బ్యాటరీ ఆగితే పాత ఆలోచనలు తిరిగి రావచ్చు. ఖర్చు లక్షల్లోనే.

మానసిక వ్యాధికి మెదడు శస్త్రచికిత్స చేయాలంటే రోగి సమ్మతితో పాటు సమీక్షా మండలి ఆమోదమూ తప్పనిసరని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కుటుంబసభ్యులు సంతకం పెడితే చాలదు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక విభాగం ఉంది. ముందుగా సలహా కోరేవారు టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.